మైకు మీద కోళ్ళగంప

26 జూన్ 1949, ఆదివారం

ఐదేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ముందు రాస్తాను. మిగతాది తర్వాత.

1944 ఈస్టరు పండుగకు గుడి ముందు మైకు పెట్టారు. మా ఊరికి మైకు రావడం అదే మొదలు. నన్ను పాడమన్నారు. నేను కట్టిన పాట. గనిలో నాపరాయి ఎత్తేటప్పుడు పాడే పాట. నేను నోరు తెరిచాను. గాలి లేచింది. మైకు బాకాలోంచి పాట రాలేదు. 'బుస్' మని ఒకటే చప్పుడు. త్రాచుపాము మైకును మింగినట్టు! ఊరంతా నవ్వింది. ఫాదిరి గారు కూడా నవ్వారు. పోనీ. నా భార్య తమ్ముడు యేసుపాదం, గుళ్ళో ఉపదేశి, మైకు అందుకుని ఏమన్నాడు?

"తప్పు మైకుది కాదు జనులారా! మా బావ గొంతులో ఉన్నదే గాలి!"

ఆ మాట మాత్రం బాకాలో గణగణ మోగింది. అప్పుడు గాలి ఆగింది మరి. గాలికి కూడా యేసుపాదం చుట్టమే కాబోలు.

ఆనాటి నుంచి నేను 'బుస్ తాత'ని. ముప్పై ఏళ్ళు గనిలో మేస్త్రీగా చేసినవాణ్ణి. నా కేకకు రాళ్ళు కదిలేవి. ఇప్పుడు నేను బజారులో నడిస్తే ముక్కు చీమిడి తుడుచుకోవడం రానివాడు కూడా బుస్సంటాడు.

ఈ రోజు పూజ అయ్యాక కబురు తెలిసింది. గుంటూరులో గోపాలకృష్ణయ్య గారని ఒక పంతులుగారు ఉన్నారట. కూలివాళ్ళ పాటలు, దంపుళ్ళ పాటలు పోగు చేస్తారట. ఆయన దగ్గర తీగ మిషను ఉందట. వెంట్రుకంత ఉక్కు తీగ. దాని మీద మనిషి గొంతు పట్టి ఉంచుతుందట. మనిషి పోయినా గొంతు ఉంటుందట! జూలై పద్దెనిమిదిన జీపులో మా గనికి వస్తారు. రాయి ఎత్తే పాట కావాలన్నారు. అంటే నా పాటే.

ఇంకొకటి కూడా రాయాలి. గని కంట్రాక్టరు గొలుసు కప్పీ తెప్పిస్తున్నాడు. వచ్చే ఏటి నుంచి రాయిని గొలుసు ఎత్తుతుంది. గొలుసుకు పాట అక్కర్లేదు. కాబట్టి ఈ పాట తీగ మీదికి ఎక్కితే ఉంటుంది. లేకపోతే నాతోపాటు మట్టిలోకి పోతుంది.

పద్దెనిమిదో తేదీ అంటే ఆషాఢం నడిమధ్య. గని గట్టు మీద తలగుడ్డ నిలవదు. మళ్ళీ బుస్సేనా?

కాదు! ఇదిగో నా నిర్ణయం. మైకుకు గాలి తగలకుండా నా చేతులతో తొడుగు చేస్తాను.

ఒకటి: దమ్మిడీ ఖర్చు పెట్టను.
రెండు: ఎవ్వర్నీ ఏదీ అడగను.
మూడు: ఆ రోజు దాకా కోపం తెచ్చుకోను. కోపం గొంతుకు చేటు.

చిన్నప్ప మాటంటే నాపరాయి. విరుగుతుంది గాని వంగదు.

27 జూన్, సోమవారం

మైకు నా దగ్గర లేదు. లేకపోతే ఏం? చెవి ఉంది. దేవుడు చేసిన మైకు. గాలి చెవికి తగిలితే బుస్సంటుంది, మైకుకు తగిలినా బుస్సంటుంది. చెవికి ఏది పనికొస్తే మైకుకూ అదే.

ఈ సంగతి ఫరీదుకు కూడా తట్టి ఉండదు. గురజాలలో మైకు సెట్లు, గ్యాసు లైట్లు అద్దెకిచ్చేవాడు ఫరీదు. ఆ ఈస్టరు నాటి మైకు వాడిదే, బ్యాటరీ వాడిదే.

పొద్దున: ఎండు సొరబుర్రను సగానికి కోశాను. చిల్లులు పొడిచాను. చెవికి పెట్టుకుని గట్టెక్కాను.

గాలి ఆగింది! అయితే 'ఊఁ' అని వేరే హోరు మొదలైంది. బావిలో తల పెట్టినట్టుంది. పక్కనే మేక అరిస్తే ఎక్కడో మాచర్లలో అరిచినట్టు వినపడింది.

పనికిరాదు. మొదటి రోజే కదా. చానా ఉత్సాహంగా ఉంది.

ఫిలోమినా సొరబుర్ర కోసం వెతుకుతోంది. ఆమె నా భార్య. ఉప్పు పోసుకునే బుర్రట అది. నేను చెప్పలేదు. కోపం తెచ్చుకోనని అనుకున్నాను గాని, కోపం తెప్పించనని అనుకోలేదు.

29 జూన్, బుధవారం

గొప్ప ఊహ! గిజిగాడి గూడు. ఎంత గాలి వచ్చినా అందులో పిల్ల కదలదు. ఆ పిట్ట నా కన్నా పెద్ద మేస్త్రీ.

వాగు పక్క తుమ్మచెట్టుకు నిరుటి గూడు ఒకటి వేలాడుతోంది. కర్రతో కొట్టి దించాను. ఖర్చు లేదు. ఎవర్నీ అడగలేదు. పిట్టను కూడా అడగలేదు.

చెవికి తొడిగాను. అబ్బ! గాలి లేదు, మాట ఉంది. సంతోషం పట్టలేక కేక వేశాను.

ఆ కేకకు గూట్లోని చీమలు లేచాయి.

సాయంత్రం: చెవి వంకాయంత అయింది.

1 జూలై, శుక్రవారం

చెవి వినపడదు. ఫిలోమినా వెల్లుల్లి నూనె పోసింది. పోస్తూ ఏదో అంది. వినపడలేదు. మళ్ళీ అంది. నవ్వుతూ అంది కనుక మంచిది కాదు.

గొర్రెలు కాసే ఇంటికి వెళ్ళి గొంగళి ముక్క తెచ్చుకున్నాను. అడిగి తెచ్చుకున్నానా? లేదు. "మీ ఇంట్లో చిరిగిన గొంగళి ఉందా?" అన్నాను. అది విచారించడం. రెండు పొగచుట్టలు అక్కడ పెట్టి వచ్చాను. అది ఖర్చు కాదు, మర్యాద.

మూడో మాట మీద మాత్రం గట్టిగా ఉన్నాను.

4 జూలై, సోమవారం

గనికి వెళ్ళాను. రాయెత్తే ముఠాతో పాట ఒకసారి సరిచూసుకోవాలి. ఇప్పుడు ముఠాకు పెద్ద అంజయ్య. నా చేతి కింద పని నేర్చుకున్నవాడే.

"ఒరేయ్ అంజయ్యా, రాయి వద్దులే. ఊరికే నిలబడి పాడండి."

ఎనిమిది మందీ వరసగా నిలబడ్డారు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు చేతులు కట్టుకున్నారు. నేను అందుకున్నాను.

"పుడమి కడుపున పుట్టిన రాయి!"

"ఐలేసా..."

ఏం ఐలేసా అది! జ్వరం వచ్చినవాడు మందు అడిగినట్టుంది.

"ఏందిరా మీ గొంతులకు?"

"బరువు లేందే గొంతు రాదు తాతా," అన్నాడు అంజయ్య. "చేతులు ఖాళీగా ఉంటే సిగ్గేస్తంది."

నిజమే. సరే, రాయి పెట్టి పాడదామన్నాను. మోకులు కట్టారు, కర్రలు భుజాన వేసుకున్నారు. రాయి లేచింది, పాట లేచింది. గట్టు అదిరింది.

మా గనిలో ఒక కట్టడి ఉంది. రాయి గాల్లో ఉన్నంతసేపు మేస్త్రీ గొంతు ఆపకూడదు. మేస్త్రీ ఏ మాట అన్నా ముఠా 'ఐలేసా' అనాలి, ఆ ఊపున అడుగు వేయాలి. ఒకసారి ఆగితే అడుగు తప్పుతుంది. అడుగు తప్పితే ఎవడిదో ఒకడి కాలు పోతుంది. పది ఆజ్ఞల తర్వాత పదకొండోది ఇది.

గొంతు బాగుంది. ఇక తొడుగే మిగిలింది.

6 జూలై, బుధవారం

ఫరీదును మైకుతో సహా ఊరికి రప్పించాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు కదా, సెట్టు ఊరికే పడి ఉంటుంది. అయినా వాడు ఉట్టినే రాడు. కోడిపుంజును ఇస్తానన్నాను. కోడిపుంజు దమ్మిడీ కాదు కదా! ఒకటో మాట చెక్కుచెదరలేదు.

మైకు మూతికి గొంగళి చుట్టి గట్టు మీద పెట్టాం. గాలి జోరుగా ఉంది. నేను పాడాను. ఫరీదు దూరంగా బాకా దగ్గర నిలబడ్డాడు.

పాట అయింది.

"ఎట్టా ఉందిరా?"

"తాతా, రంజాను నెల, నేను రోజా ఉన్నా. ఈ నోటితో అబద్ధం చెప్పకూడదు."

"చెప్పొద్దు. నిజమే చెప్పు."

"దుప్పటి కప్పుకొని దున్నపోతు ఏడుస్తన్నట్టుంది. దీనికంటే గాలి చప్పుడే బాగుంది."

మజ్జిగ తాగి తీరిగ్గా ఆలోచించి చెప్పమన్నాను. రోజా అన్నాను కదా అన్నాడు. వాడు వెళ్తూ చెప్పిన మాట ఒకటి రాసి పెట్టుకుంటున్నాను. "గుడ్డ మైకును అంటుకోగూడదు తాతా. మైకు చుట్టూ కాస్త ఖాళీ ఉండాల. గాలి బయట ఆగాల, గొంతు లోపలికి రావాల."

నేను అడగలేదు. వాడే చెప్పాడు. రెండో మాట కూడా నిలిచింది, కొంచెం వాలి.

పుంజు సంగతి ఫిలోమినాకు తెలిసింది.

9 జూలై, శనివారం

యేసుపాదం వచ్చాడు. నా మంచం మీదే కూర్చున్నాడు.

"బావా, గట్టు మీద ఎందుకు ఈ తిప్పలు? గుళ్ళో పాడించరాదూ? నాలుగు గోడలు, గాలి రాదు. ముందు నేనొక ప్రార్థన చెప్తా. తర్వాత నీ పాట. ఆ తర్వాత నేను ముగింపు చెప్తా."

"గుళ్ళో రాయెవడు ఎత్తుతాడురా?"

"రాయి ఎందుకు? పాట గదా కావలసింది."

"నీకు గొంతు కావాల, తీగ కావాల, రాయి వద్దు. రాళ్ళెత్తినోళ్ళ ఇంటి అన్నం మాత్రం కావాల."

"కోపం వద్దు బావా. బుస్సంటన్నావు."

లేచి తరిమాను. చెప్పులు వదిలి పరిగెత్తాడు.

మూడో మాట పోయింది. అయితే బామ్మర్ది మీద వచ్చేది కోపం కిందికి రాదు. ఆవులింత లాంటిది. దానంతట అదే వస్తుంది.

10 జూలై, ఆదివారం

ఈ పని ఎవడికి కావాలి? గాలిని పంపేది దేవుడు. దేవుడి పనికి అడ్డం పడటానికి నేనెవణ్ణి?

రోజంతా చుట్టలు కాల్చాను.

తీగ మిషను కూడా ఎన్నాళ్ళుంటుంది? తుప్పు పట్టదా?

11 జూలై, సోమవారం

నిన్న రాసినదంతా కొట్టివేత.

దీపాలవేళ పెద్ద గాలి. దుమ్ము. ఫిలోమినా కోళ్ళను గంప కింద మూసి, పైన పాత చీరముక్క కప్పింది. నేను అరుగు మీద చుట్ట కాలుస్తున్నాను. గాలికి నా చుట్ట నిప్పు ఎగిరిపోతోంది. గంపలోంచి మాత్రం పెట్ట 'కొక్కొక్కొ' అంటోంది. ప్రతి కొక్కూ వినపడుతోంది!

గుడ్డ ఎత్తి తొంగిచూశాను. పెట్ట ఈక కదలడం లేదు. బయట తుఫాను, లోపల ఫాదిరి గారి గది.

చుట్టూ ఖాళీ ఉంది. గుడ్డ అంటుకోలేదు. గాలి బయట ఆగింది, గొంతు లోపలి నుంచి వచ్చింది. లోపలి నుంచి వచ్చేది లోపలికి పోదా?

ఫిలోమినా లోపలికి వెళ్ళేదాకా ఆగాను. కోళ్ళను తీసి పక్కన పెట్టాను. నా తల గంపలో పెట్టాను.

పెరటి గోడ మీద కాకి అరుపు వినపడింది. పక్కింటి రోలు చప్పుడు వినపడింది. గాలి ఊసే లేదు. ఇంకొకటి కూడా వినపడింది.

"ఏందయ్యా, గుడ్డు పెడతావా ఏంది?"

నేను తల బయటికి తీయలేదు. లోపలి నుంచే "పోవే" అన్నాను.

"తెల్లారి కుయ్యి మరి. పుంజును నువ్వే ఇచ్చేస్తివి గదా."

13 జూలై, బుధవారం

గంప కుదిరింది. గుడ్డ కుదరడం లేదు.

గోనెపట్టా: గొంతు చచ్చింది.
నా పంచె: కొంచెం నయం. మబ్బుగా ఉంది.
చీరముక్క: చిల్లుల్లోంచి గాలి ఈల వేస్తోంది.
పొగాకు గోతాం: తుమ్ములు.

సన్నగా ఉండాలి. బిగువుగా నేసి ఉండాలి. అటువంటి గుడ్డ ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. ఫిలోమినా ముసుగు. మఠంలో కన్యాస్త్రీ అమ్మగార్లు ఇచ్చినది. పూజకు వెళ్ళేటప్పుడు తప్ప తీయదు. తీసినా నన్ను ముట్టుకోనివ్వదు.

అడిగితే ఇస్తుందా? ఇవ్వదు. అసలు అడగనే కూడదు. ఎవర్నీ అడగనని మాట ఇచ్చుకున్నాను కదా. మాట తప్పే మనిషినా నేను?

పెట్టె తాళం ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు.

17 జూలై, ఆదివారం

ఫిలోమినా పెట్టె మూడుసార్లు తిరగేసింది. కోళ్ళను తిట్టింది. పక్కింటివాళ్ళను అనుమానించింది. ఎలుకలను శపించింది. చివరికి కొంగు తల మీద వేసుకుని పూజకు వెళ్ళింది. దారిపొడవునా, "నలుగురు ఏమనుకుంటారయ్యా? కూలికి పోతన్నట్టుంది," అంటూనే ఉంది.

నేను పూజలో కళ్ళు మూసుకునే ఉన్నాను. చానా భక్తిగా.

రేపు! ఒక్కరోజు! ముసుగు గంపకు బిగించి గని పాకలో దాచాను. తెల్లగా, నిండుగా, పెళ్ళికూతురిలా ఉంది.

18 జూలై, సోమవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే జీపు వచ్చింది. గోపాలకృష్ణయ్య గారు కళ్ళద్దాలాయన. మంచి మనిషి. నాకు ముందే దండం పెట్టారు. తీగ మిషను ట్రంకు పెట్టె అంత ఉంది. మైకుకు, బ్యాటరీకి పంతులుగారు పిలిపించిన ఫరీదు మైకును బండ మీద నిలబెట్టాడు. నేను గంప తెచ్చి మైకు మీద బోర్లించాను. ఫరీదు గంపను చూశాడు, ముసుగును చూశాడు, నన్ను చూశాడు. రోజా కనుక ఏమీ అనలేదు.

గాలి మొదలైంది. జీపు మీది గుడ్డ టపటప కొట్టుకుంటోంది. పంతులుగారు చెవులకు డబ్బాలు తగిలించుకున్నారు. నన్ను మాట్లాడమన్నారు. నా పేరు, ఊరి పేరు చెప్పాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"తాతగారూ! గాలి లేనే లేదు! మద్రాసులో కూడా ఇంత బాగా పడదు!"

యేసుపాదం అక్కడే ఉన్నాడు. వాడి మొహం చూడాలి! ఐదేళ్ళ బాకీ ఆ ఒక్క మాటతో తీరింది. అక్కడితో ఇంటికి వచ్చేసినా బాగుండేది.

రాయి లేచింది. తీగ తిరిగింది. నేను అందుకున్నాను.

"పుడమి కడుపున పుట్టిన రాయి!"
"ఐలేసా!"
"పురిటి నీళ్ళే ఎరగని రాయి!"
"ఐలేసా!"

అబ్బ, నా గొంతు! ఇరవై ఏళ్ళ కిందటి గొంతు వచ్చింది. ముఠా అడుగులు ఒక్క అడుగులా పడుతున్నాయి.

అప్పుడే ఫిలోమినా మజ్జిగకుండ నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది. ఈ రోజు ఆమెను ఎవరు రమ్మన్నారు? పాట విందామని వచ్చిందట. నలభై ఏళ్ళలో నా పాట వినడానికి రావడం ఇదే మొదలు.

గంప దగ్గర ఆగింది.

"అయ్యో నా తల్లీ! నా ముసుగు!"

రాయి గాల్లో ఉంది. నేను ఆపకూడదు. నోటికి పాట రాలేదు, మాట వచ్చింది.

"తర్వాత చెబుతా, ఉండవే ఉండు!"
"ఐలేసా!" అంది ముఠా.

"కోళ్ళగంపకు కట్టావంటయ్యా! అమ్మగార్లిచ్చింది!"

"చెయ్యి తియ్యవే గంప మీద!"
"ఐలేసా!"

"నిన్న కొంగేసుకొని పోతిని గదయ్యా పూజకు! పక్కన కూర్చొని దొంగజపం చేస్తివా!"

"లాగబోకే, చిరిగిపోద్ది!"
"ఐలేసా!"

యేసుపాదం ఊరుకుంటాడా? వచ్చి గంప పక్కనే వంగాడు. "మా అక్కను అనబాక బావా! మైకుంది, మైకుంది!" అని మైకులోనే అరిచాడు.

"నీ మొగం మండా, నువ్వెవడివిరా!"
"ఐలేసా!"

అంజయ్య మొహం ఎర్రబడింది. వాడి వెనకవాడికి భుజాలు ఊగుతున్నాయి. బరువుకు కాదు, నవ్వుకు.

"నవ్వారంటే కాళ్ళు పోతాయిరో!"
"ఐలేసా!"
"దించండ్రా నా కొడకల్లారా, దించండి!"
"ఐలేసా!"

రాయి దిగింది. ఎవరి కాలూ పోలేదు. దేవుడికి స్తోత్రం. పోయింది నా పాట ఒక్కటే.

పంతులుగారు చెవుల డబ్బాలు తీశారు. కళ్ళు తుడుచుకుంటున్నారు.

"అద్భుతం! ఆలుమగల కయ్యం, నడుమ బామ్మర్ది, పల్లవికి ఐలేసా! ఇంతవరకు ఎవరూ పోగు చేయని పాట!"

"అది పాట కాదు బాబూ. తిట్లు. పాట వేరే ఉంది, పదహారు చరణాలు."

"మీకు తెలియదు తాతగారూ. జానపదం అంటే అదే."

నా పాట సంగతి నాకు తెలియదట! ఆయనకు తెలుసట! మళ్ళీ తిప్పమన్నాను. బ్యాటరీ అయిపోయిందన్నాడు ఫరీదు. చీకటి పడకముందే నరసరావుపేట చేరాలన్నారు పంతులుగారు. జీపు వెళ్ళిపోయింది.

19 జూలై, మంగళవారం

ఫిలోమినా మాట్లాడదు. ముసుగు ఉతికి ఆరేసింది. కోడి వాసన పోలేదు.

వంట మాత్రం చేసింది. కారం కొంచెం ఎక్కువ.

24 జూలై, ఆదివారం

ఫరీదు వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసింది.

"తాతా, నరసరావుపేటలో ప్లీడర్లందరూ కూడిన చోట పంతులుగారు నీ తీగ వేశాడు. నేనే బాకా పెట్టా."

"నా పాట విన్నారా?"

"రెండు చరణాలు ఊరికే కూర్చున్నారు. ఒకాయన కునికాడు గూడా. తర్వాత అవ్వ వచ్చింది చూడు! కుర్చీల్లో నిలవలా. మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి అని నాలుగుసార్లు వేయించారు. వచ్చే నెల గుంటూరులో పెద్ద సభలో వేస్తాడంట."

"నేనెవరని చెప్పాడు?"

"పేరేమీ చెప్పలా. 'పలనాటి రాతిపనివాళ్ళ తిట్టుపాట' అన్నాడు."

పేరు కూడా లేదు. పదహారు చరణాలు కట్టినవాడికి పేరు లేదు.

యేసుపాదం అప్పుడే బజారంతా చెప్పి వచ్చాడు, తన గొంతు తీగలో గంటలా మోగిందని, బావది కాస్త బొంగురుగా ఉందని.

ఫిలోమినా అంతా విన్నది. ఆరు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"నలభై ఏళ్ళ కాపురంలో నా మాట ఒక్కటి నిలబడనిచ్చావా? ఇయ్యాళ ఉక్కుతీగ మీద నిలబడింది. ఉండనీలే."

ఆమె అన్నది నిజం. అయితే నా పాట కూడా నిజమే కదా.

29 జూలై, శుక్రవారం

ఫరీదు రంజాను సేమ్యా తెచ్చాడు. తింటుండగా ఒక మాట చెప్పాడు. ఆ తీగ మీద ఉన్నది చెరిపేసి మళ్ళీ దాని మీదే కొత్తది పట్టవచ్చట! పలక లాంటిదట!

గొలుసు కప్పీ గనికి వచ్చేసింది. పాకలో పడి ఉంది. పళ్ళు నూరుతున్నట్టు కనపడింది. ఇంకా బిగించలేదు.

31 జూలై, ఆదివారం

మళ్ళీ మొదటి నుంచి. ఈసారి తప్పదు.

ఒకటి: దమ్మిడీ ఖర్చు పెట్టను. గంప ఉంది.
రెండు: ఎవ్వర్నీ ఏదీ అడగను. ముసుగు మాత్రం ఫిలోమినాను అడుగుతాను. అడిగాను కూడా. "పోయి గోచీ కట్టుకో గంపకు," అంది. అంటే ఇస్తుంది. నెమ్మదిగా ఇస్తుంది.
మూడు: కోపం తెచ్చుకోను. అసలు తెచ్చుకోను.

గోపాలకృష్ణయ్య గారికి ఉత్తరం కూడా రాశాను. రేపు ఫరీదు చేతికి ఇస్తాను. తప్పులు లేకుండా ఇక్కడ ముందు రాసి చూసుకున్నాను.

"అయ్యా, నేను చిన్నప్పను. గని మేస్త్రీని. మీరు పేరు చెప్పనిది నన్నే. మీ తీగ మీద ఉన్నది పాట కాదు, మా ఇంటి గొడవ. మా ఇంటి గొడవను ప్లీడర్లకు వినిపించమని నేను చెప్పలేదు. నా పాటకు పదహారు చరణాలు. మీరు పట్టింది రెండు. మిగతా పద్నాలుగూ నా గొంతులోనే ఉన్నాయి, గొంతు ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. ఇక్కడ గొలుసు బిగించేదాకా ముఠా ఉంటుంది. తర్వాత ఉండదు. మీరు జానపదం చదువుకున్నారు, సంతోషం. నేను దాన్ని భుజం మీద మోశాను. మళ్ళీ వచ్చి నా పాట పడతారా, పట్టరా? పడితే, నా పేరు, మా ఊరి పేరు చెప్పి వినిపిస్తారా? ఆ తిట్లు చెరుపుతారా? ఈ మూడింటికీ జవాబు కావాలి. మా ఊళ్ళో ఆగస్టు పదిహేను మాత పండుగ. ఆ రోజు సాయంత్రం దాకా చూస్తాను. రాకపోతే పదహారున గుంటూరు రైలెక్కుతాను. అప్పుడు నాకు కోపం వస్తే ఎట్లా ఉంటుందో మీ దగ్గర తీగ మీద ఉంది. ఒకసారి వేసుకుని విని, పదిహేనో తేదీలోగా జవాబు రాయండి."